చికెన్ మానేయాలా, టామిఫ్లూ కొనాలా? చెన్నై నుంచి ఒక కోళ్ల డాక్టరు జవాబు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినావిడ పెరుంగుడిలో ఉంటారు, పుట్టిల్లు నెల్లూరు జిల్లాలో కోవూరు పక్కన. మూడేళ్ల బాబు ఉన్నాడు. ఊళ్లో వాళ్లమ్మగారు ఒక్కరే ఉంటూ పెరట్లో ఇరవై దాకా నాటుకోళ్లు పెంచుతున్నారు. "బర్డ్ ఫ్లూ మళ్లీ వార్తల్లోకి వచ్చింది, టెన్షన్‌గా ఉంది. చికెన్, గుడ్లు మానేయాలా? టామిఫ్లూ ముందే కొని పెట్టుకోవాలా? కరోనాలాంటిది ఇంకోటి వస్తుందా? అమ్మను కోళ్లన్నీ అమ్మేయమని చెప్పనా?"

ముందు జవాబు చెప్పేస్తాను. బాగా ఉడికిన చికెన్, బాగా ఉడికిన గుడ్డు మానక్కర్లేదు. ఫ్లూకు వాడే టామిఫ్లూ మందు కొని బీరువాలో దాచుకోవద్దు. చచ్చిన కోడిని, జబ్బు చేసిన కోడిని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, బాబును దాని దగ్గరికి పోనివ్వద్దు. అమ్మగారి కోళ్ల సంగతి చివర్లో చెబుతాను. దానికి అవును, కాదు అని ఒక్క ముక్కలో తేల్చలేను.

నాది సూళ్లూరుపేట. పాతికేళ్లకు పైగా రెడ్‌హిల్స్‌లో ఉంటూ కోళ్ల ఫారాల చుట్టూ తిరుగుతున్నాను. ఇటు గుమ్మిడిపూండి, ఊత్తుకోట. అటు తడ, సత్యవేడు, నాయుడుపేట. నేను మనుషుల డాక్టరును కాను కాబట్టి మందుల విషయంలో ఆఖరి మాట మీ డాక్టరుదే. అయితే ఈ జబ్బు మనుషుల దగ్గరికి వచ్చేది కోళ్ల దారిలోనే, ఆ దారి మాత్రం నాకు బాగా తెలుసు.

మొదట కంచం సంగతి. ఈ వైరస్ వేడికి నిలవదు. మాంసం లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలితే చచ్చిపోతుంది. మన ఇళ్లలో కూర కుతకుతమని ఉడికేటప్పుడు అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. ఎముక పక్కన ఎర్రగా లేకుండా, నొక్కితే ఎర్రనీళ్లు రాకుండా ఉడికితే నిశ్చింతగా తినండి. నేనైతే ఫారాల్లో కోళ్లు చస్తున్న రోజుల్లో కూడా ఆదివారం ఇంట్లో కూర మానలేదు. కాకపోతే ఆ రోజుల్లో బజారులో షవర్మా, గ్రిల్ చికెన్ తినను. పైన మాడి లోపల పచ్చిగా ఉండటం వాటిలో మామూలే. చెన్నైలో ఉంటూ హాఫ్ బాయిల్, కలక్కి లాంటి సగం ఉడికిన గుడ్లు అలవాటైన వాళ్లు మీకు గుడ్లు వచ్చే ప్రాంతంలో జబ్బు ఉన్నన్నాళ్లు ఆమ్లెట్‌తో, ఉడికించిన గుడ్డుతో సరిపెట్టుకోండి. ఆడపిల్ల పెద్దమనిషి అయితే పచ్చి గుడ్డు, నువ్వుల నూనె తాగించే అలవాటు మన వైపు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. అది బర్డ్ ఫ్లూ ఉన్నా లేకపోయినా మానేయాల్సిందే, పచ్చి గుడ్డుతో వచ్చే వేరే జబ్బులు చాలా ఉన్నాయి.

రెండు అపోహలు ఇక్కడే తీసేస్తాను. ఉప్పు, పసుపు పట్టించి అరగంట ఉంచితే వైరస్ పోదు. ఫ్రిజ్‌లో పెడితే అసలు పోదు సరికదా, చల్లదనంలో అది ఇంకా ఎక్కువ రోజులు బతుకుతుంది. సబ్బుకు మాత్రం లొంగుతుంది. దాని పైపొర కొవ్వుతో చేసినది, సబ్బు నురగ తగిలితే విడిపోతుంది.

అసలు భయపడాల్సింది వండిన తర్వాత జరిగేదానికి కాదు, వండకముందు జరిగేదానికి. కోడి కూర కొనడానికి వెళ్లినప్పుడు ఒకసారి గమనించండి. కోడిని తూచి, మెడ కోసి, నీలం డ్రమ్ములో పడేస్తాడు. లోపల అది రెక్కలు కొట్టుకుంటుంటే డ్రమ్ము కదులుతుంది, సన్నని తుంపర పైకి లేస్తుంది. డ్రమ్ముకు రెండడుగుల దూరంలో ఒక తండ్రి, భుజం మీద పిల్లవాడు, ఇద్దరూ లోపలికి తొంగి చూస్తుంటారు. ఈ దృశ్యం నేను వారం వారం చూస్తున్నాను. 1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 అనే ఈ బర్డ్ ఫ్లూ వైరస్ మొదటిసారి మనుషులకు సోకినప్పుడు దారి చూపించింది ఇలాంటి బతికున్న కోళ్ల బజార్లే. 18 మందికి సోకింది, ఆరుగురు చనిపోయారు. ఊళ్లో ఉన్న కోళ్లన్నింటినీ, 13 లక్షలకు పైగా, కొన్ని రోజుల్లో చంపేశాక ఆగింది. కాబట్టి బాబును చికెన్ షాపుకు తీసుకెళ్లకండి. మీరు వెళ్తే కాస్త ఎడంగా నిలబడండి, ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. మాంసాన్ని కొళాయి ధార కింద కడగొద్దు, చిందిన నీళ్లు గట్టంతా పడతాయి. ఒక గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, గిన్నెను, కత్తిని, చెక్కను సబ్బుతో తోమండి. ఆ చెక్క మీదే కీరదోసకాయ తరిగే అలవాటు ఉంటే ఇవాళే ఆపండి.

మీ అపార్ట్‌మెంట్ కింద పిల్లులకు ఎవరైనా పచ్చి తలకాయలు, పేగులు వేస్తుంటే అదీ వద్దని చెప్పండి. పిల్లి జాతి ఈ వైరస్‌ను అసలు తట్టుకోలేదు. 2024 డిసెంబరులో నాగపూర్ గోరేవాడలో మూడు పులులు, ఒక చిరుత దీనితోనే చనిపోయాయి. పులికే దిక్కులేనప్పుడు వీధి పిల్లి ఎంత?

మన వైపు లెక్క కూడా చూద్దాం. దేశంలో కోళ్లలో మొదటిసారి బయటపడింది 2006 ఫిబ్రవరిలో, మహారాష్ట్ర నవాపూర్‌లో. మీ పుట్టింటికి దగ్గరగా అయితే 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్లలో, మీ కోవూరు మండలంలోనే గుమ్మళ్లదిబ్బలో వచ్చింది. అమ్మగారికి గుర్తుండే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి దగ్గర కానూరు అగ్రహారం. మనుషుల్లో చూస్తే మన దేశంలో హెచ్5ఎన్1తో మొదటి మరణం 2021లో, హర్యానాకు చెందిన ఒక పిల్లవాడు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిపాప చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని వార్తల్లో వచ్చింది. ఇద్దరూ పిల్లలే. అందుకే బాబు మాట పదేపదే ఎత్తుతున్నాను.

ప్రపంచమంతటా 2003 నుంచి చూస్తే దాదాపు వెయ్యి మందికి సోకినట్టు లెక్క తేలింది, అందులో దాదాపు సగం మంది పోయారు. ఈ 'సగం' అన్న మాట వినగానే గుండె జారుతుంది. కానీ ఆ వెయ్యి మందీ ఆసుపత్రి దాకా వచ్చేంత జబ్బు చేసినవాళ్లే ఎక్కువ. ఇంట్లోనే రెండు రోజులు జ్వరపడి లేచినవాళ్లు లెక్కలోకి రారు. అమెరికాలో 2024 నుంచి పాడి ఆవులకు ఈ వైరస్ పట్టుకుంది. అక్కడ సోకిన డెబ్బై పైచిలుకు మందిలో ఎక్కువమంది పాడి పనివాళ్లు, కోళ్ల పనివాళ్లు. చాలామందికి కళ్లు ఎర్రబడి, కాస్త జ్వరం వచ్చి పోయింది. అంటే ఇది చిన్న జబ్బు అని కాదు. ఆసియాలో తిరిగిన రకాలు చంపేశాయి, అక్కడ ఆవుల్లో ఉన్న రకం అంత చంపలేదు. రేపటిది ఎలా ఉంటుందో దాని వేషం మీద ఆధారపడుతుంది.

పాల గురించి కూడా అడుగుతారేమో. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవి. దాని మీద మనం మళ్లీ కాస్తాం. పాలు కాచుకుని తాగే అలవాటు మన పెద్దవాళ్లు పెట్టిన మంచి అలవాటు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. పదేళ్ల పైమాట. గుమ్మిడిపూండి వైపు మూడు వేల లేయర్ కోళ్ల, అంటే గుడ్ల కోళ్ల షెడ్డు. పొద్దున్నే ఫోన్, "సార్, రాత్రికి రాత్రి నలభై పోయాయి." వెళ్లాను. వేపచెట్టు కింద దాణా బస్తా మీద కూర్చుని, చచ్చిన కోడిని కాళ్లు పట్టి వెల్లకిలా పెట్టి, కత్తెరతో పొట్ట కోశాను. గ్లౌజులు బండి డిక్కీలోనే ఉన్నాయి. మాస్కు కూడా అక్కడే. రోజూ చేసే పనే కదా అని వాటి కోసం లేవలేదు. లోపల ముందు పొట్ట గోడ మీద ఎర్రటి చుక్కలు. కొక్కెర తెగులుకు, అంటే కోళ్లకు వచ్చే ఇంకో వైరస్ జబ్బుకు, అది పాఠ్యపుస్తకం గుర్తు. "కొక్కెరే, టీకా సరిగ్గా పడలేదు" అని చెప్పేసి, పంపు దగ్గర చేతులు కడుక్కుని, వాళ్లిచ్చిన టీ తాగి వచ్చేశాను.

రెడ్‌హిల్స్ చేరేసరికి అనుమానం మొదలైంది. ఆ కోళ్ల తల వాచి ఉంది. కాళ్ల మీద, పొలుసుల సందుల్లో ఎర్రగా కమిలి ఉంది. తురాయి నీలం తిరిగింది. ఇవన్నీ చూశాను కానీ పట్టించుకోలేదు, పొట్టలో కనిపించిన చుక్కలు నన్ను తొందరపెట్టాయి. సాయంత్రం ప్రభుత్వ పశువైద్యాధికారికి ఫోన్ చేసి ఒప్పుకున్నాను. మర్నాడు వాళ్లు వచ్చి గొంతులోంచి, మలద్వారం నుంచి స్వాబులు తీసి, ఐసు పెట్టెలో పెట్టి పంపారు. మన దేశంలో దీన్ని ఖాయంగా తేల్చేది భోపాల్‌లోని హై సెక్యూరిటీ ల్యాబు. ఫలితం వచ్చేదాకా నేను మేడ మీద గదిలో పడుకున్నాను. మా ఆవిడ మెట్ల మీద కంచం పెట్టి వెళ్లేది. రాత్రి దగ్గు వస్తే లేచి కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకునేవాణ్ని. చివరికి బర్డ్ ఫ్లూ కాదని తేలింది. కొక్కెరే. నా అంచనా నిజమైంది, అయినా నేను చేసింది తప్పే. పైకి చూసి, కోసి చూసి కూడా ఈ రెండు జబ్బుల్నీ విడదీయలేం. ల్యాబు ఒక్కటే విడదీస్తుంది. కాబట్టి ఎవరైనా ఫోటో చూసి "ఇది బర్డ్ ఫ్లూ కాదులే" అని వాట్సాప్‌లో ధైర్యం చెబితే నమ్మకండి. నేను చెప్పినా నమ్మకండి.

ఆ కథలో అసలు ముక్క ఇంకోటి ఉంది. స్వాబులు తీయడానికి అధికారులు వచ్చేసరికి షెడ్డులో మూడు వందల కోళ్లు తక్కువ. నేను టీ తాగి వెళ్లిన రాత్రే రైతు ఒక డీలరుకు సగం ధరకు తోలేశాడు. అవి ఏ ఊరు వెళ్లాయో, ఎవరి కత్తి కింద పడ్డాయో తెలియదు. నేను అరిచాను. ఆయన ఒక్కమాట అన్నాడు, "సార్, మీరు చెప్పింది కొక్కెరే కదా." ఇప్పటికీ దానికి నా దగ్గర జవాబు లేదు.

రైతు ఎందుకు దాస్తాడో కూడా తెలుసుకోవాలి, లేకపోతే తిట్టడం తేలిక. బర్డ్ ఫ్లూ అని తేలితే చుట్టూ కిలోమీటరు లోపల కోళ్లన్నీ చంపుతారు. పది కిలోమీటర్ల దాకా నిఘా, అమ్మకాలకు, రవాణాకు అడ్డు. మళ్లీ కోడిపిల్లలు వేయాలంటే నెలలు పడుతుంది. నష్టపరిహారం ప్రభుత్వం చంపిన కోళ్లకే ఇస్తుంది, అప్పటికే చచ్చిన వాటికి ఇవ్వదు. ఈ నియమం వెనక ఆలోచన మంచిదే, తొందరగా చెప్పిన రైతుకే ఎక్కువ డబ్బు వస్తుంది. కానీ అప్పులో ఉన్నవాడికి ఆ లెక్క ఎవరూ ముందుగా కూర్చోబెట్టి చెప్పరు. పైగా జబ్బు లేని పక్క రైతు అమ్మకాలు ఆగి మునుగుతాడు, ఆయనకు పరిహారం లేదు. దాంతో ఊరు ఊరంతా "బయటికి చెప్పకు" అంటుంది. కోళ్లకు ఈ జబ్బు టీకా వేసే పద్ధతి మన దేశంలో లేదు, చంపడమే విధానం. ఆ విధానం పనిచేయాలంటే రైతు నోరు తెరవాలి. నా దృష్టిలో మహమ్మారికి సిద్ధం కావడం అన్నది వెంటిలేటర్ల దగ్గర మొదలు కాదు, ఆ షెడ్డు గేటు దగ్గరే మొదలవుతుంది.

పుకార్లు ఈ దాపరికాన్ని ఇంకా పెంచుతాయి. 2020లో చికెన్ తింటే కరోనా వస్తుందని ఎవడో పుట్టించిన మాటకు ఫారాల్లో కోళ్లను ఊరికే పంచిపెట్టారు. హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి చికెన్ ముక్కలు తిని చూపించారు. అది చూసి నాకు నవ్వొచ్చింది. వేయించిన ముక్క ఎప్పుడూ క్షేమమే, దాన్ని తిని నిరూపించాల్సింది ఏముంది? ఫారంలో పనిచేసే కూలీకి గ్లౌజులు ఉన్నాయా అన్నది వేదిక మీద ఎవరూ అడగలేదు.

ఇక కరోనాలాంటిది వస్తుందా అన్నది. ఫ్లూ మహమ్మారి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, గత నూరేళ్ల పైచిలుకు కాలంలో నాలుగుసార్లు వచ్చింది, 1918, 1957, 1968, 2009. 1918 నాటిది మన దేశంలోనే కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. 1957 నాటిది మన దేశంలోకి అడుగుపెట్టింది మన మద్రాసు రేవులోనే, మే నెలలో సింగపూర్ నుంచి వచ్చిన ఓడలో. రాజాజీ సాలై మీద బస్సులో వెళ్తూ హార్బరు గోడ చూసినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది. తర్వాతిది హెచ్5ఎన్1 నుంచే వస్తుందా అంటే, రావచ్చు, రాకపోవచ్చు. ఇప్పటిదాకా ఇది మనిషి నుంచి మనిషికి గొలుసుకట్టుగా పాకే శక్తి సంపాదించలేదు. సోకినవాళ్లలో ఎక్కువమందికి పక్షుల నుంచో, పశువుల నుంచో సోకింది.

కారణం ఇది. పక్షి ఫ్లూ వైరస్ ఒక రకం కొక్కేనికి తగులుకుంటుంది. ఆ కొక్కెం పక్షి పేగుల్లో, ఊపిరి దారిలో నిండుగా ఉంటుంది. మనకు ముక్కులో, గొంతులో ఉండే కొక్కెం వేరు. పక్షి కొక్కెం లాంటిది మనకు ఊపిరితిత్తుల అడుగున, కంట్లో ఉంది. ఒక తాళంచెవి వేరే తాళానికి పట్టనట్టు. అందుకే తేలిగ్గా అంటుకోదు, లోతుగా దిగితే మాత్రం న్యుమోనియాగా ముదురుతుంది. అందుకే దగ్గుతో, తుమ్ముతో పక్కవాడికి ఎక్కువగా చేరదు. ఈ అమరిక మారితే కథ మారుతుంది. మారడానికి రెండు దారులు. ఒకటి, మనిషిలోనో ఆవులోనో పందిలోనో తిరుగుతూ చిన్న చిన్న మార్పులు చేసుకోవడం. రెండోది, మామూలు ఫ్లూ, పక్షి ఫ్లూ రెండూ ఒకే ఒంట్లో ఒకేసారి ఉండి కలగలిసిపోవడం. ఫ్లూ వైరస్ జన్యువు ఎనిమిది విడి ముక్కలుగా ఉంటుంది, రెండు పేక కట్టలు కలిపి పంచినట్టు కొత్త చేయి తయారవుతుంది. 1957, 1968 వైరస్‌లు అలా పుట్టినవే.

దీనివల్ల మీకు ఒక పని తేలుతుంది, చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు. ఏటా వేసే మామూలు ఫ్లూ టీకా వేయించుకోండి. అది బర్డ్ ఫ్లూను ఆపదు, ముందే చెబుతున్నాను. కానీ మామూలు ఫ్లూ నుంచి బాబును, అమ్మగారిని కాపాడుతుంది. కోళ్లతో ఉండే మనిషి ఒంట్లో రెండు వైరస్‌లు కలిసే అవకాశాన్నీ తగ్గిస్తుంది. చెన్నైలో ఫ్లూ ఎక్కువగా ఐప్పసి వానలతో, అక్టోబరు, నవంబరులో విజృంభిస్తుంది, కాబట్టి అంతకు ముందే వేయించుకుంటే మేలు. చిన్నపిల్లలకు మొదటి ఏడాది నెల ఎడంతో రెండు డోసులు పడతాయి, పిల్లల డాక్టరును అడగండి. నేను ఏటా వేయించుకుంటాను, నా దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్లకు కూడా నా డబ్బుతోనే వేయిస్తాను. మొదట్లో "నాకెందుకు సార్ సూది" అని పారిపోయేవాళ్లు.

టామిఫ్లూ ఎందుకు వద్దన్నానంటే, అది జబ్బు మొదలైన 48 గంటల్లోపు వేస్తే బాగా పనిచేసే మందు. పిల్లలకు బరువును బట్టి మోతాదు. ప్రతి జలుబుకూ భయంతో మింగితే అవసరమైన రోజున దానికి లొంగని వైరస్ తయారవుతుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు కూడా. కోళ్లను చంపే బృందంలో ఒకసారి నేనూ పనిచేశాను. అప్పుడు ముందు జాగ్రత్తగా పది రోజులు రోజుకొకటి ఇచ్చారు. మొదటి రెండు రోజులు కడుపులో తిప్పి ఇడ్లీ కూడా దిగలేదు. ఒళ్లంతా కప్పే ఆ తెల్ల రక్షణ సూటు లోపల ఉక్కకు చెమట బూట్లలోకి కారేది. అరగంటకొకసారి బయటికొచ్చి నీళ్లు తాగాలి, తాగాలంటే మొత్తం విప్పాలి, విప్పేటప్పుడే అంటుకునే ప్రమాదం ఎక్కువ. ఆ మందు అలాంటి పనివాళ్లకు, జబ్బుపడినవాళ్లకు మిగలాలి.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది మాత్ర పేరు కాదు, ఒక వాక్యం. చచ్చిన పక్షిని ముట్టుకున్నాక, కోళ్లు చస్తున్న చోటికి వెళ్లొచ్చాక, పది రోజుల లోపల జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం, ఆయాసం ఏది వచ్చినా డాక్టరుకు "నేను చచ్చిన కోళ్ల దగ్గర ఉన్నాను" అని మొదటి మాటగానే చెప్పండి. ఈ మాట చెప్పకపోతే ఏ డాక్టరైనా వైరల్ ఫీవర్ అనే అనుకుంటారు. చెబితే స్వాబు తీస్తారు, మందు వెంటనే మొదలుపెడతారు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పరీక్షలు చేశారు, ఇలాంటి వాటికి ఊళ్లో వసతి ఉంది. తమిళనాడులో ఆరోగ్య సలహాకు 104.

మహమ్మారికి ఇంట్లో సిద్ధంగా ఉండటం అంటే బియ్యం బస్తాలు పేర్చుకోవడం కాదు. మా ఇంట్లో ఒక బిస్కెట్ డబ్బా ఉంది. అందులో థర్మామీటరు, ఆక్సిమీటరు, పారాసిటమాల్, ఓఆర్ఎస్, ఇరవై ఎన్95 మాస్కులు. దాంతోపాటు ఇంట్లో పెద్దవాళ్లు రోజూ వేసుకునే మందులు ఎప్పుడూ ఒక నెలకు ముందుగా. ఈ చివరిది 2020లో నేర్చుకున్నాను. అప్పుడు సరిహద్దు మూసేశారు. మా అమ్మ సూళ్లూరుపేటలో, నేను రెడ్‌హిల్స్‌లో, మధ్య గంటన్నర ప్రయాణం. ఆవిడ బీపీ మాత్రలు అయిపోయాయి. ఆవిడ వాడే కంపెనీవి అక్కడ దొరకలేదు. ఆరంబాక్కం దాకా బండి మీద వెళ్లి, బారికేడ్ ఇటువైపు నుంచి కవరు చాపితే, అటువైపు నుంచి మా చిన్నాన్న కొడుకు అందుకున్నాడు. మధ్యలో కానిస్టేబుల్ కవరు విప్పి మాత్రలు లెక్కపెట్టి ఇచ్చాడు. వంద కిలోమీటర్ల లోపే ఉన్నా అమ్మ మొహం చూడటానికి నాకు రెండు నెలలు పట్టింది. చెన్నైలో ఉంటూ అమ్మానాన్నలను అటువైపు ఉంచుకున్న మనలాంటి వాళ్లు ఈ ఒక్కటి ముందే తేల్చుకోవాలి. రేపు మళ్లీ దారులు మూస్తే అమ్మగారి దగ్గర ఎవరుంటారు, మందులు ఎవరు తెస్తారు, ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? ఆ పేర్లు, నంబర్లు ఒక కాగితం మీద రాసి అమ్మగారి ఫ్రిజ్‌కు అంటించి రండి.

ఇక చివరి ప్రశ్న, అమ్మగారి కోళ్లు.

అమ్మేయమని చెప్పకండి. చుట్టుపక్కల జబ్బు లేని రోజుల్లో అమ్మితే అది ఆవిడ ఇష్టం, కానీ జబ్బు ఉందన్న పుకారు వచ్చాక అమ్మితే, ఆ మూడు వందల కోళ్ల రైతుకూ మనకూ తేడా లేదు. పైగా పొద్దున లేచి ఆ కోళ్లకు నూకలు చల్లడమే ఒంటరిగా ఉన్న మనిషికి కాలక్షేపం. అది తీసేస్తే ఆవిడ ఆరోగ్యం ఏమవుతుందో నేను చెప్పలేను. ఒంట్లో ఓపిక తగ్గి, వాటిని మూసి పెట్టుకోవడం కుదరదు అంటే అప్పుడు వేరే సంగతి.

ఉంచుకుంటే ఇలా చేయమనండి. అక్టోబరు నుంచి మార్చి దాకా, పులికాట్, నేలపట్టు వైపు వలస పక్షులు దిగే కాలంలో, కోళ్లను చెరువు గట్టుకు, బాతుల గుంపుల దగ్గరికి వదలకూడదు. బాతు పైకి ఏమీ కనిపించకుండానే వైరస్‌ను మోస్తుంది. గూటికి పైన కప్పు, చుట్టూ సన్నకన్ను వల. దాణా, నీళ్లు లోపలే పెడితే కాకులు, గువ్వలు మూతి పెట్టవు. సంతలో కొన్న కోడిని, పందెం నుంచి తిరిగొచ్చిన పుంజును తిన్నగా గుంపులో కలపకుండా రెండు వారాలు విడిగా గంప కింద ఉంచాలి. గూడు ఊడ్చేటప్పుడు మూతికి మాస్కు, కాళ్లకు విడిగా ఒక జత చెప్పులు, అవి ఇంట్లోకి రాకూడదు. పెంట పొడిగా ఉండగా ఊడిస్తే దుమ్ము లేస్తుంది, ముందు కాస్త నీళ్లు చల్లాలి. కొక్కెర టీకా మాత్రం తప్పనిసరిగా వేయించాలి. అది వేయించి ఉంటే, కోళ్లు చచ్చినప్పుడు కొక్కెర అయి ఉంటుందిలే అని సరిపెట్టుకునే అవకాశం తగ్గుతుంది. నా తప్పు ఆవిడ చేయక్కర్లేదు.

ఒక కోడి చస్తే కంగారు పడక్కర్లేదు. కుక్క, పాము, ఎండ, వయసు, ఏదైనా కావచ్చు. అయినా దాన్నీ ఒట్టి చేత్తో ఎత్తొద్దు. రెండు మూడు రోజుల్లో మూడు నాలుగు ఒకదాని వెనక ఒకటి పోతే, తల వాస్తే, తురాయి, తమ్మెలు నీలం తిరిగితే, గుడ్లు ఒక్కసారిగా ఆగిపోతే, ఇక మిగతావి కోసుకుని తిందామన్న ఆలోచన రానివ్వకూడదు. మన ఊళ్లలో జరిగేది అదే. చావబోయే కోడిని 'దండగ ఎందుకు' అని కోసేస్తారు. కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడే చేతులు, మొహం దానికి దగ్గరగా ఉంటాయి. వండితే వైరస్ చస్తుంది, నిజమే, కానీ అంటుకోవాల్సింది అప్పటికే అంటుకుని ఉంటుంది. చచ్చినదాన్ని కాలవలో పారేయకుండా, రెండు కవర్లు చేతికి తొడుక్కుని పక్కన పెట్టి, కుక్కలు లాగకుండా గంప బోర్లించి, పశువైద్యశాలకు గానీ పశువుల హెల్ప్‌లైన్ 1962కు గానీ ఫోన్ చేయమనండి. వాళ్లు వచ్చేదాకా కోడిని కోయొద్దు, కాల్చొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు.

ఈసారి పండక్కి బాబుతో ఊరెళ్లినప్పుడు వాడు కోడిపిల్లల వెంట పరిగెత్తకుండా ఆపడం ఎవరి తరమూ కాదు, నాకు తెలుసు. ఆరోగ్యంగా ఉన్న కోడిపిల్లను ఎత్తుకున్నా వెంటనే చేతులు సబ్బుతో కడిగించండి, ఆ చేయి నోట్లోకి వెళ్లకుండా చూడండి. కడిగిన తర్వాతే బూంది పెట్టండి. గూడు పొడవు, వెడల్పు కొలిచి, ఒక ఫోటో తీసి ఇక్కడ పెడితే వల ఎంత పడుతుందో, తలుపు ఎటు పెట్టాలో నేను చెబుతాను.